బెల్టు అసలుదే

గెంగ్ బావోషాన్ చేతిలో ఒక్కనాడూ ఎవరూ కవరు పెట్టలేదు. నీటిపారుదల ఆఫీసులో జుట్టు నెరిసేదాకా పనిచేసినవాడి విషయంలో ఇది మాటలు కాదు. గేటు దగ్గర కాపలా ఉండే వాడికి కూడా కొత్త సంవత్సరానికి ఓ సిగరెట్టు డబ్బా ముడుతుంది మా పట్నంలో. గెంగ్‌కి మాత్రం ఏడాదికోసారి గోడ క్యాలెండరు వచ్చేది, అదీ ఆఫీసువాళ్ళు అచ్చు వేయించిందే. దాన్ని చుట్టి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి, వంటింటి గోడకి తగిలించి, "చూశావా, మనింట్లో పరాయి సొమ్ము పూచికపుల్లంత కూడా లేదు" అనేవాడు భార్యతో.

షూఫెన్ పిండి పిసుకుతూ తలైనా ఎత్తేది కాదు. "ఎవడైనా ఇస్తే కదయ్యా, వద్దనడానికి" అనేది.

పాపం ఆమె మాటలో అబద్ధమేం లేదు. గెంగ్ జనరల్ సెక్షన్‌కి డిప్యూటీ చీఫ్. పేరు గొప్పగానే ఉంటుంది, వినడానికి. ఆయన కింద ఉన్నవేమిటయ్యా అంటే వేణ్ణీళ్ళ బాయిలరు, ఫ్లాస్కులు, వార్తాపత్రికలు, గోడలకి కట్టే ఎర్ర గుడ్డ నినాదాలు, నోటీసు బోర్డు. కాలవ తవ్వే కాంట్రాక్టరుకి వీటితో ఏం పని? మా దగ్గర ఒక మర్యాద ఉంది. ఎవరైనా డిప్యూటీ అయితే పిలిచేటప్పుడు ఆ డిప్యూటీ అన్న ముక్క మింగేసి "చీఫ్ గారూ" అంటాం. నోరు ఊరికే వస్తుంది, ఎదుటివాడి కడుపు నిండుతుంది. ఆ ఆఫీసులో ఉన్న డిప్యూటీలందరూ అలా చీఫులైపోయారు. గెంగ్‌ని మాత్రం కాపలావాడి దగ్గర్నుంచి అందరూ "గెంగ్ పెద్దాయనా" అనేవారు. ముప్ఫై ఏళ్ళ వయసులోనూ అదే పిలుపు. మింగడానికి కూడా ఆయన పదవి ఎవరికీ గుర్తుండేది కాదు.

ఒక్క కూతురు యాన్ దగ్గరే ఆయనకి పరపతి. మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పే పిల్ల, నాన్నంటే ప్రాణం. చిన్నప్పుడు స్నేహితురాళ్ళ ఇళ్ళకి వెళితే అక్కడ దొంతరలు దొంతరలుగా మద్యం పెట్టెలు, పెద్దవాళ్ళకి కానుకలుగా వచ్చే ఎండు సముద్రపు దోసకాయల డబ్బాలు చూసి వచ్చేది. ఇంటికొచ్చి క్యాలెండరు వంక చూసి, "మనదే బాగుంది నాన్నా, అటూ ఇటూ తిరగడానికి చోటుంది" అనేది. ఆ మాట గెంగ్ ఊరందరికీ చెప్పాడు, ఊరందరూ విని ఊరుకున్నారు.

సరే, ఆ ఏడాది పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆడంబరాలు కట్టిపెట్టండి, విందులు తగ్గించండి, ప్రజాసేవకుడు ప్రజల్లా బతకాలి అని. చాలా మంచి ఉత్తర్వు, నేను కాదనను. మా పట్నం పెద్దలు దాన్ని తు.చ. తప్పకుండా పాటించారు కూడా. అంతకు ముందు అందరూ చొక్కా లోపలికి దోపి, బొడ్డు మీద పలకంత బెల్టు బిళ్ళ మెరిపించుకుంటూ తిరిగేవారు. ఉత్తర్వు రాగానే బెల్టులు అలాగే ఉన్నాయి, చొక్కాలు బయటికొచ్చాయి. గడియారాలు మణికట్టు దిగి జేబుల్లోకి వెళ్ళాయి, వాటి చోట తెల్ల మచ్చలు మిగిలాయి. ఖరీదైన సారా మానలేదు, మంచినీళ్ళ సీసాల్లో పోసి తెచ్చుకోవడం మొదలెట్టారు. బల్ల మీద అన్నీ నీళ్ళ సీసాలే, బల్ల చుట్టూ అందరి ముఖాలూ ఎర్రగా. పొదుపు చెయ్యడం ఇంత ఖర్చుతో కూడిన వ్యవహారమని అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

ఆ గాలికే గెంగ్ తలుపు తెరుచుకుంది. జనరల్ సెక్షన్ చీఫ్ రిటైరయ్యాడు. మచ్చలేని మనిషిని వెతకండి అన్నారు పైవాళ్ళు. ఆఫీసంతా గాలిస్తే మచ్చ పడడానికి కూడా అవకాశం దొరకని మనిషి ఒక్కడే కనిపించాడు. అదే నెలలో యాన్‌కి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు తండ్రి ఫాన్ దాషున్, పట్నంలోకెల్లా పెద్ద విందుశాల ఆయనది. ఈ నీళ్ళ సీసాల విందులన్నీ జరిగేది అక్కడే.

గెంగ్‌కి నిద్ర పట్టడం మానేసింది. జీతం ఏమంత పెరగదు, ఆ సంగతి ఆయనకి తెలుసు. ఆయన కడుపులో ఉన్నది వేరు. రిటైరయ్యేలోపల ఒక్కసారైనా ఈ ఊరు తనని చూసి, వీడూ ఒక మనిషే అనుకోవాలి. అంతకు మించి ఆయనకి కోరికలేం లేవు. ఆ ఒక్కటి లేకుండా పోతే మాత్రం బతుకంతా వేణ్ణీళ్ళు పోస్తూ పోయినట్టే అని గట్టిగా అనుకునేవాడు.

నిశ్చితార్థం విందు ఫాన్ తన విందుశాలలోనే పెట్టాడు. మా వైపు చేపని పళ్ళెంలో తెచ్చినప్పుడు దాని తల ఎవరివైపు తిప్పి పెడితే వాళ్ళే ఆ పూటకి పెద్దమనిషి. గెంగ్ వయసంతా తోక వైపు కూర్చుని గడిపేశాడు. ఆ పూట ఫాన్ తన చేత్తో పళ్ళెం తిప్పి చేప తల గెంగ్ వైపు పెట్టాడు.

"తాగండి బావగారూ, మూడు గ్లాసులు, వదిలిపెట్టేది లేదు" అన్నాడు.

గెంగ్ మూడూ తాగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సారా ఘాటుకి అని అందరూ అనుకున్నారు.

విందయ్యాక ఫాన్ ఆయన్ని బతికున్న చేపలుండే తొట్ల వెనక్కి పిలుచుకెళ్ళి, చేతిలో ఒక పొడుగాటి పెట్టె పెట్టాడు. తెరిస్తే బెల్టు. నల్లటి తోలు, బంగారు రంగు బిళ్ళ. ఫ్రాన్సువాళ్ళ సరుకు, హాంకాంగ్ నుంచి తెప్పించాట్ట. దాని ఖరీదు గెంగ్ రెండు నెలల జీతం.

"అయ్యయ్యో, ఇదెందుకు బావగారూ" అన్నాడు గెంగ్, పెట్టెని గుండెకి హత్తుకుంటూ.

"ఎందుకేమిటి? పెళ్ళినాడు నా పక్కన నిలబడేది మీరే. మగాడి పరువు నడుం దగ్గర తెలుస్తుంది. కానీ ఒక్కమాట, ఇది మన మగాళ్ళ మధ్యే ఉండాలి. మా ఆవిడకి తెలిస్తే మీ ఆవిడకి చెప్తుంది. మీ ఆవిడ ఊరుకుంటుందా? అంతకి అంత తిరిగి పెట్టాలని అప్పుచేసైనా ఏదో కొని తెస్తుంది. దానికి మళ్ళీ మేం పెట్టాలి. ఈ గోల తెల్లారదు."

ఫాన్ చెప్పింది నిజమే. మా దగ్గర పుచ్చుకున్నదానికి సమానంగా తిరిగి పెట్టకపోతే తల ఎత్తుకోలేం. షూఫెన్ ఈ లెక్కల్లో మరీ గట్టి మనిషి. అందుకని గెంగ్ ఇంటికెళ్ళేసరికే ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాడు. దారిలో పెట్టె పారేశాడు. నైట్ మార్కెట్లో ఏ దుకాణం, ఏ వరస, కొట్టువాడికి మీసాలున్నాయా లేవా, అన్నీ ఆలోచించి పెట్టుకున్నాడు.

షూఫెన్ చూడనే చూసింది. "అదేమిటి నడుముకి?"

"నకిలీదిలే. నైట్ మార్కెట్లో కొన్నాను."

"ఎంత?"

"ముప్ఫై యువాన్లు."

"ఇరవైకి ఇచ్చేవాడు" అంది షూఫెన్. అని దీపం ఆర్పేసి అటు తిరిగి పడుకుంది.

అంతే. మీసాల దాకా రాలేదు వ్యవహారం. గెంగ్‌కి ముందు హమ్మయ్య అనిపించింది. కాసేపటికి ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, ఒక్కసారి బిళ్ళ మీద వేలు పెట్టి చూడొద్దూ? ఒక్కసారి "నిజం చెప్పు, ఎవరిచ్చారు" అనొద్దూ?

మర్నాటి నుంచి ఆ బెల్టు పెట్టుకునే ఆఫీసుకి వెళ్ళాడు, పైన చొక్కా వదిలేసి. చీఫులందరిలాగే. ఎవరికీ కనపడదు, తనకి మాత్రం తెలుస్తూ ఉంటుంది. అప్పుడప్పుడూ ఫ్లాస్కులు నింపుతూ చొక్కా మీంచి ఆ బిళ్ళని తడుముకునేవాడు. ఇలా ఎంతకాలమైనా గడిచిపోయేదే, ఆ నినాదం గుడ్డ రాకపోతే.

పైనుంచి కొత్త నినాదం వచ్చింది. "కష్టపడి పనిచేద్దాం, పొదుపుగా బతుకుదాం." ఎర్ర గుడ్డ మీద తెల్ల అక్షరాలు, ఆఫీసు ముఖద్వారం మీద కట్టాలి. కట్టడం గెంగ్ పనే. నిచ్చెన ఎక్కాడు. కింద నలుగురు పట్టుకున్నారు. ఆయన రెండు చేతులూ పైకెత్తి మేకు కొడుతుంటే చొక్కా మెల్లిగా పైకి లేచింది. పైన పొదుపుగా బతుకుదాం, దాని కిందే ఎండకి ధగధగా మెరుస్తూ ఫ్రాన్సు బిళ్ళ.

"అబ్బో, పెద్దాయన నడుం చూడండర్రా" అంది కింద నుంచి టైపిస్టు లీజ్వాన్.

గెంగ్ సుత్తి పట్టుకునే కిందికి చూశాడు. "నకిలీదమ్మా, నైట్ మార్కెట్లో..."

"అది తెలుసులెండి. అసలుదైతే మీ నడుముకెందుకుంటుంది?"

నలుగురూ నవ్వారు. అందులో వెటకారం కూడా లేదు, అదే ఘోరం. ఆకాశం నీలంగా ఉంది అన్నంత మామూలుగా అంది లీజ్వాన్. ఒకడు ఫోన్ తీసి ఫోటో కొట్టాడు, గుడ్డా బెల్టూ రెండూ వచ్చేట్టు. నకిలీదని తెలిసే కొట్టాడు, నవ్వుకోడానికి. గెంగ్ నిచ్చెన దిగి బాయిలరు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని కూర్చున్నాడు. దొరికిపోతానేమోనని భయపడ్డ మనిషి, దొరకనందుకు ఏడవడం నేను ఈయన విషయంలోనే విన్నాను.

ఈలోగా ప్రమోషన్ల నోటీసు వచ్చింది. మా పద్ధతి ప్రకారం పదవి ఇవ్వబోయేవాడి పేరు వారం రోజులు గోడకి అంటించి ఉంచుతారు. అతని మీద ఎవరికేమైనా ఫిర్యాదుంటే ఆ వారంలో చెప్పుకోవాలి. ఆ వారం గడిస్తే చీఫ్ అయినట్టే. నోటీసు బోర్డు గెంగ్ అధీనంలోనిదే కదా, ఆయన పేరు ఆయనే జిగురు రాసి అంటించుకున్నాడు. నాలుగు మూలలూ రెండేసిసార్లు అద్దాడు.

వారం సగం గడిచేసరికి ఆ ఫోటో ఎవరు పంపారో క్రమశిక్షణ విభాగానికి చేరింది. షావ్ అనే అధికారి వచ్చాడు. లావుపాటి మనిషి, టీ ఆకులేసిన సొంత డబ్బా చేత్తో పట్టుకు తిరుగుతాడు. ఆయన్ని చూస్తే మా పట్నంలో ఎలాంటివాడికైనా నోట్లో తడారిపోతుంది. చిన్న మీటింగు గదిలో ఆయన కుర్చీలో వెనక్కి వాలి, చెప్పులు వదిలేసి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. గెంగ్ అలవాటు కొద్దీ ఫ్లాస్కు తెచ్చి ఆయన డబ్బాలో వేణ్ణీళ్ళు పోశాడు.

"కూర్చోండి పెద్దాయనా, భయపడకండి" అన్నాడు షావ్. "ఫిర్యాదు వచ్చింది కాబట్టి రావాలి, అంతే. నకిలీదని రాసుకుని వెళ్ళిపోతాను."

"ఆఁ, నకిలీదేనండి" అన్నాడు గెంగ్.

ఇక్కడితో అయిపోయుంటే ఈ కథే లేదు. మూడు రోజుల్లో చీఫ్ అయ్యేవాడు. షావ్ కూడా మంచి ఉద్దేశంతోనే నాలుగు ముక్కలు ఎక్కువ మాట్లాడాడు.

"ఫోటో చూసి ముందు కంగారుపడ్డాం. ఇదెవరి నడుం అని అడిగాం. గెంగ్‌ది అన్నారు. దాంతో మావాళ్ళు ఒకటే నవ్వు. మీకు ఇచ్చేవాడెవడండీ ఈ ఊర్లో? ఇచ్చి ఏం పుచ్చుకుంటాడు, వేణ్ణీళ్ళా?" అని పొట్ట కదిలేలా నవ్వాడు. "ఇంకెవరి విషయంలోనూ ఇలా అనుకోలేదు మేం. ఇంకే మనిషి పేరు చెప్పినా వెంటనే ఇంటికెళ్ళి బీరువా తెరిచేవాళ్ళం. మీ బీరువా తెరవాలని ఎవరికీ తోచనే లేదు."

గెంగ్ ఫ్లాస్కు మూత బిగించాడు. మళ్ళీ విప్పి మళ్ళీ బిగించాడు. భార్య అంది, పడ్డాడు. లీజ్వాన్ అంది, పడ్డాడు. ఇప్పుడు ప్రభుత్వం కూడా అదే మాట అంటోంది.

"అసలుదే" అన్నాడు.

"ఏమిటి?"

"బెల్టు. అసలుదే."

షావ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. గెంగ్ లేచి, బెల్టు విప్పి, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని రెండో చేత్తో దాన్ని బల్ల మీద పెట్టాడు. అధికారుల నడుముల నుంచి ఊడదీసినవి షావ్ చేతుల మీదుగా ఎన్ని వెళ్ళుంటాయో. తోలు వంచి చూశాడు, బిళ్ళ తిప్పి చూశాడు, వెనక కుట్టు చూశాడు. నవ్వు మెల్లిగా ఆగిపోయింది. కాళ్ళు వెనక్కి తీసుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

"ఎవరిచ్చారు?"

గెంగ్ నోరు తెరవబోయి ఆగిపోయాడు. ఫాన్ పేరు చెపితే సాయంత్రానికల్లా వీళ్ళు విందుశాలలో దిగుతారు. దిగితే ఏదో ఒక నీళ్ళ సీసా మూత తీసి వాసన చూస్తారు. ఫాన్ కొంప మునుగుతుంది, యాన్ పెళ్ళి ఆగిపోతుంది.

"చెప్పను" అన్నాడు.

"ఎందుకిచ్చారు? ఏం పని చేసిపెట్టారు?"

"అదీ చెప్పను."

షావ్ ఆయన వంక చాలాసేపు చూశాడు. ఆ గదిలోకి గెంగ్ ఇన్నాళ్ళూ వేణ్ణీళ్ళు మోసుకొస్తున్నాడు కానీ, అక్కడ కూర్చున్నవాళ్ళెవరూ ఆయన్ని ఇలా కళ్ళెత్తి చూసింది లేదు. షావ్ నిటారుగా కూర్చుని, కలం తీసి, గొంతు మార్చి అడిగాడు.

"చీఫ్ గెంగ్, మీ వెనకాల ఎవరున్నారు?"

చీఫ్ గెంగ్. ఒళ్ళు ఝల్లుమంది ఆయనకి. కూతురి కోసమే నోరు మూసుకున్నాడు, అందులో అనుమానం లేదు. కానీ ఆ మౌనం అంత రుచిగా ఉంటుందని ఆయన అనుకోలేదు. గోడ వంక చూస్తూ కూర్చున్నాడు, పెద్ద పెద్దవాళ్ళు కూర్చునేట్టు.

బెల్టు ప్రభుత్వానికి పోయింది. ప్రమోషన్ పోయింది. గోడ మీది నోటీసు గోకి తీసేయమన్నారు, అది కూడా గెంగ్ పనే. జిగురు ఎక్కువ రాశాడు కదా, చాలాసేపు గోకాల్సి వచ్చింది. బెల్టు ఇచ్చింది ఎవరో, ఎందుకో తేలలేదు గనక ఒక మందలింపు రాసి ఫైలు పక్కన పెట్టారు. ప్యాంటుకి ఫైళ్ళు కట్టే తాడు బిగించుకుని సాయంత్రం గేటు దగ్గరికొస్తే, కాపలావాడు కుర్చీలోంచి లేచాడు. ఏనాడూ లేవనివాడు. రెండు చేతులతో సిగరెట్టు అందించి, "మెల్లిగా వెళ్ళిరండి చీఫ్ గారూ" అన్నాడు.

ఊరి బుర్ర రాత్రికి రాత్రే తిరగబడింది.

"నెమ్మదిగా కనిపించేవాళ్ళే అంత."

"వేణ్ణీళ్ళేమిటోయ్, కాలవ పనులన్నీ ఆయన గుండానే వెళ్ళేవిట."

"అడిగినా పేరు చెప్పలేదట. షావ్ ముందు! ఎంత పెద్దవాళ్ళ అండ లేకపోతే అంత ధైర్యం?"

ఆఫీసు మొత్తానికీ పైనుండే పెద్ద చీఫ్ స్వయంగా పిలిచి టీ పోశాడు. గెంగ్‌కి ఎంత తెలుసో, షావ్‌కి ఎంత చెప్పాడో తెలీక, కప్పు పొర్లుతున్నా పోస్తూనే ఉన్నాడు. లీజ్వాన్ ఫ్లాస్కులు తనే నింపుకోవడం మొదలెట్టింది. పదవి రాలేదు కానీ, పదవిలో ఉన్నవాడికి జరిగేవన్నీ గెంగ్‌కి జరగసాగాయి. ఫాన్ ఒక్కడికే అసలు సంగతి తెలుసు. తొట్ల వెనక ఆయన చేతులు పట్టుకుని, "నా కొంప నిలబెట్టారు బావగారూ. ప్రాణం పోయినా ఈ మాట నా నోట్లోంచి రాదు" అన్నాడు. అన్నట్టే సొంత కొడుక్కి కూడా చెప్పలేదు. పైగా క్రమశిక్షణ విభాగం నోటితో చీఫ్ అనిపించుకున్న వియ్యంకుడు దొరికాడని మనసులో పొంగిపోయాడు కూడా.

షూఫెన్ మొదటిరోజు తిట్టింది. రెండోరోజు ఇల్లంతా సోదా చేసింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కెలికింది, పరుపులు తిరగేసింది, గోడలు తట్టి చూసింది.

"ఏం వెతుకుతున్నావే?"

"మిగతావి ఎక్కడ దాచావు?"

"మిగతావేమిటి?"

"నా దగ్గర కూడానా నాటకం? బెల్టు ఒక్కటే ఇచ్చి ఊరుకుంటారా ఎవరైనా?"

ఏమీ దొరకలేదు. దొరకనకొద్దీ ఆమెకి మొగుడి తెలివి మీద గౌరవం పెరిగింది. ఆ రాత్రి మాంసం కూరి ఉడికించిన డంప్లింగులు వడ్డిస్తూ పగిలినవి తన పళ్ళెంలో వేసుకుని, నిండుగా ఉన్నవి ఆయనకి వేసింది. గెంగ్ నిజం చెప్పేద్దామని రెండుసార్లు అనుకున్నాడు. పెళ్ళయ్యేదాకా ఫాన్ గుట్టు బయటపడకూడదు, తర్వాత చెపుదాంలే అని సర్దుకున్నాడు. డంప్లింగులు కూడా చాలా బాగున్నాయి.

యాన్ మాత్రం ఆ ఆదివారం స్కూలు హాస్టల్ నుంచి ఇంటికొచ్చి, మాట్లాడకుండా తిని, గిన్నెలు కడిగి వెళ్ళిపోయింది. పెళ్ళి హడావిడి అనుకున్నాడు గెంగ్. నిజం చెప్పాలంటే, కూతురు కూడా తనని చూసి కొంచెం జంకుతోందేమో అనుకుని సంతోషించాడు.

పెళ్ళినాడు పొద్దున్నే ఇల్లు నిండిపోయింది. ఎన్నడూ గుమ్మం తొక్కని వాళ్ళంతా వచ్చారు. పెళ్ళికొడుకు బృందం రావడానికి ఇంకా కాస్త టైముంది. లోపలి గదిలో మంచం మీద ఎర్ర దుప్పటి, దాని మీద ఎర్ర బట్టల్లో యాన్. పెళ్ళికూతురి చెప్పులు దాచేసి స్నేహితురాళ్ళు వీధి తలుపుకి అడ్డంగా నిలబడ్డారు, పెళ్ళికొడుకు డబ్బులిచ్చి లోపలికి రావాలి కదా.

"నాన్నా, ఒక్కసారి వచ్చి కూర్చో" అని పిలిచింది యాన్.

గెంగ్ మంచం అంచున కూర్చున్నాడు.

"ఒక్కటి అడుగుతాను. అబద్ధం చెప్పకు. ఆ బెల్టు నిజంగా అసలుదేనా?"

"అసలుదే తల్లీ."

"ఎవరిచ్చారు?"

మీ మామగారే అన్న మాట ఆయన నాలిక చివర ఉంది. సరిగ్గా అప్పుడే తలుపు సందులోంచి లూ అనే కాలవ కాంట్రాక్టరు తల లోపలికి పెట్టాడు. అతను జన్మలో గెంగ్‌కి నమస్కారం పెట్టినవాడు కాదు. ఇవాళ నడుం వంచి, "శుభాకాంక్షలు చీఫ్ గారూ. పని ఉంటే కబురంపండి, క్షణంలో వాలతాను" అన్నాడు. అని వెళ్ళలేదు, యాన్ ప్రశ్న విన్నాడు కాబోలు, చెవులు నిక్కించి అక్కడే నిలబడ్డాడు.

గెంగ్ లూ వంక చూశాడు. కూతురి వంక చూశాడు.

"నా స్థానంలో ఉన్నవాడికి ఎవరో ఒకరు ఇస్తూంటారమ్మా" అన్నాడు, గొంతు కాస్త బరువు చేసుకుని. "అందరి పేర్లూ గుర్తుంటాయా ఏమిటి?"

లూ భక్తిగా తలూపి తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

యాన్ తల వంచుకుంది. ఎర్ర దుప్పటి మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంది.

"అమ్మ ఎప్పుడూ అనేది నాన్నా, మీ నాన్న చేతకాక మంచివాడే అని. నేను పోట్లాడేదాన్ని. కాదు, నాన్నకి చేతనవును, ఇష్టం లేక చెయ్యడు అనేదాన్ని. చిన్నప్పటి నుంచీ ఇదే గొడవ మా ఇద్దరికీ. ఎన్నిసార్లు అన్నం తినకుండా లేచిపోయానో దీనికోసం." తలెత్తి నవ్వబోయింది, రాలేదు. "ఇద్దరం తప్పేనన్నమాట."

గెంగ్ చప్పున ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అది కాదు తల్లీ. విను. అది మీ మామగారు ఇచ్చిందే. నిశ్చితార్థం రోజున, చేపల తొట్ల దగ్గర. ఇంకెవరూ ఎప్పుడూ నాకేం ఇవ్వలేదు, నీ మీద ఒట్టు. నేనేం పుచ్చుకోలేదు. నాకిచ్చేవాడెవడు?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. స్కూల్లో హోంవర్కు ఇంట్లో మర్చిపోయానని చెప్పే పిల్లల వంక అలాగే చూస్తుంది కాబోలు, కోపమేం లేకుండా.

"సరేలే నాన్నా" అంది. "నేనెవరికీ చెప్పనులే."

బయట టపాకాయలు పేలాయి. పెళ్ళికొడుకు వచ్చాడని కేకలు, వీధి తలుపు కింద సందులోంచి డబ్బు కవర్లు తోస్తున్నారు, స్నేహితురాళ్ళు ఇంకా ఇంకా అని అల్లరి చేస్తున్నారు. యాన్ మెల్లిగా చెయ్యి విడిపించుకుని ఎర్ర బట్టలు సర్దుకుంది. హాల్లోంచి ఎవరో, "చీఫ్ గారు ఎక్కడ? చీఫ్ గారిని పిలవండి" అంటున్నారు. గెంగ్ లేచి బయటికి వెళ్ళాడు.